అరగదీసిన అంచులు

బాబాయి పోయాడన్న కబురు మొన్న మంగళవారం పొద్దున బడిలో ప్రార్థన జరుగుతుండగా తెలిసింది. పిల్లలు వరసల్లో నిలబడి ఉన్నారు. ఫోను మోగితే కట్ చేశాను. మళ్ళీ మోగింది. పక్కకు వెళ్ళి ఎత్తితే ఆయన చిన్న కూతురు.

“అక్కా, అబ్బా పోయారు. పొద్దున నమాజుకెళ్ళొచ్చి కుర్చీలో కూర్చున్నారు. అమ్మీ టీ తెచ్చేలోపల మెడ వాలిపోయింది,” అంది. ఆ అమ్మాయి ఏడవడం లేదు. అదే మాట పదిమందికి చెప్పి చెప్పి అలిసిపోయిన గొంతు. “మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకెళ్తారంట. నువ్వొస్తావుగా?”

హెడ్మాస్టరుగారికి చెప్పి ముప్పాళ్ళలో బస్సెక్కాను. నరసరావుపేట దాకా కిటికీ పక్కన ఊరికే కూర్చున్నాను. బాధపడటానికి కూడా కొంత ఓపిక కావాలి. అది ఆ పూట నా దగ్గర లేదు.

నేను వెళ్ళేసరికి స్నానం చేయించి తెల్లగుడ్డలు చుట్టారు. ముఖం చూపించారు. బుగ్గలు లోపలికి పోయి ఇంకా సన్నగా కనిపించాడు. ఆడవాళ్ళం వాకిట్లోనే ఆగిపోయాం. మగవాళ్ళు జనాజా భుజాల మీదికి ఎత్తుకున్నారు. మా నాన్నకు డెబ్బై ఎనిమిదేళ్ళు. భుజం పట్టే శక్తి లేదు. ఒక చెయ్యి దాని కొయ్యకు ఆనించి వీధి మలుపు దాకా నడిచి, అక్కడ అరుగు మీద కూలబడ్డాడు.

ఆయన నాకు రక్తసంబంధీకుడు కాడు. మా వీధి చివర, మా గుమ్మానికి ఎదురుగా సైకిల్ షాపు ఆయనది, వెనకే ఇల్లు. మా నాన్న బస్సు డ్రైవరు. నాన్నను ఆయన “అన్నా” అనేవాడు కాబట్టి నాకు బాబాయి, ఆయన భార్య నాకు పిన్ని. ఈ వరసలు మా వీధిలో ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టినవి కావు.

బాబాయికి కొన్ని అలవాట్లుండేవి. బాగుచేసిన సైకిలు ఇచ్చేటప్పుడు ముందు చక్రాన్ని జానెడు ఎత్తి రెండుసార్లు నేలకేసి కొట్టేవాడు. తల పక్కకు వంచి ఆ చప్పుడు వినేవాడు. ఏదైనా వదులుగా ఉంటే ఆ చప్పుడులోనే దొరుకుతుందనేవాడు. ఎవరైనా చెయ్యి కలపబోతే గ్రీజు అంటుతుందని మణికట్టు అందించేవాడు. చక్రం చేతిలో ఉన్నప్పుడు పలకరిస్తే పలికేవాడు కాదు. “చక్రం చేతిలో ఉన్నంతసేపూ నాతో మాట్టాడబాక. ఒక్క మాటకి ఒక నట్టు మర్చిపోతా,” అని మాత్రం ఒకసారి చెప్పాడు.

షాపు పని కాక ఆయనకు ఇంకో పని ఉండేది. అది ఇంట్లోవాళ్ళకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. సైకిల్ పందాలకు వెళ్ళేవాడు, తొక్కడానికి కాదు, చక్రాలు మార్చడానికి.

రోడ్డు మీద సైకిల్ పందెం చూడనివాళ్ళకు ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. డెబ్బై ఎనభై కిలోమీటర్లు గుంపుగా తొక్కుతారు. ముందున్నవాళ్ళు గాలిని కోసుకుంటూ పోతుంటే వెనకవాళ్ళకు శ్రమ తగ్గుతుంది. పంచరు పడి ఆగినవాళ్ళు ఒంటరిగా ఎదురుగాలిలో తొక్కి ఆ గుంపును అందుకోవాలి. అరనిమిషం ఆలస్యమైతే ఊపిరి బిగబట్టి అందుకోవచ్చు. నిమిషం దాటిందా, ఆ రోజుకి ఇక అంతే. పంచరు అతికే తీరిక ఉండదు కాబట్టి వెనక జీపులో గాలి కొట్టిన చక్రాలు వస్తాయి. జీపులోంచి ఒక మనిషి దూకి, పాత చక్రం పీకి, కొత్తది పెట్టి, మనల్ని తోసి పంపాలి. మా జిల్లాలో ఆ మనిషి బాబాయి.

నేను పదిహేనేళ్ళప్పుడు పందాల్లోకి దిగాను. అప్పుడు మా సైకిళ్ళ చక్రాలకు రెండు పక్కలా నట్లే ఉండేవి. పదిహేనో నంబరు పానాతో విప్పాలి. అందరూ ఒక పక్క విప్పి, తర్వాత రెండో పక్కకు వెళ్ళేవాళ్ళు. బాబాయి రెండు చేతుల్లో రెండు పానాలు పట్టుకుని రెండు పక్కలా ఒకేసారి తిప్పేవాడు. “ఒక పక్కే బిగిస్తే చక్రం ఆ పక్కకి ఒరుగుద్ది. మనిషి కూడా అంతే,” అనేవాడు. ఆయన చేతుల్లో కూడా నట్లు విప్పి బిగించడానికి ముప్పావు నిమిషం పట్టేది. కానీ ఇంకెవరికీ అంతకంటే తక్కువ పట్టేది కాదు కాబట్టి మాకు అన్యాయం జరిగేది కాదు.

నాకు పద్దెనిమిది నిండాక, రాష్ట్ర స్థాయిలో ఒకసారి మూడో స్థానం వచ్చాక, జిల్లా సైకిల్ పందాల సంఘం వాళ్ళు నాకొక విదేశీ సైకిలు ఇచ్చారు. పాతదే, ఎవరో తొక్కి వదిలేసినది. దాని చక్రాలకు నట్లు లేవు. ఇరుసు మధ్యలోంచి సన్నటి కమ్మీ, కమ్మీకి ఒక చివర చిన్న లివరు, రెండో చివర బటన్ లాంటి మర. లివరు మడిస్తే ఇరుసును, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కు కొనలకు నొక్కి పడుతుంది. తెరిస్తే వదిలేస్తుంది. పానా అక్కర్లేదు.

బాబాయి దాన్ని షాపులో తలకిందులుగా నిలబెట్టి పూటంతా చూశాడు. మడిచాడు, తెరిచాడు. మళ్ళీ మడిచాడు.

“అబ్బ, ఎవడు కనిపెట్టాడే అమ్మాయ్ దీన్ని,” అన్నాడు. “పది లెక్కపెట్టేలోపల మార్చి పంపిస్తా నిన్ను.”

కానీ అది పదిలో అయ్యేది కాదు. ఫోర్కు కొనల్లో ఇరుసు కూర్చునే గాడి ఉంటుంది. ఆ గాడి చుట్టూ బియ్యపుగింజంత ఎత్తున అంచులు ఉన్నాయి. లివరు పొరపాటున తెరుచుకున్నా చక్రం జారి పడిపోకుండా ఆ అంచులు ఆపుతాయి. మరి అవి పడిపోకుండా ఆపినట్టే, మనం తీయబోయినా ఆపుతాయి. లివరు తెరిచాక రెండో పక్క మరను నాలుగైదు చుట్లు వదులు చేస్తే గాని చక్రం రాదు. కొత్త చక్రం పెట్టాక ఆ నాలుగైదు చుట్లూ మళ్ళీ బిగించి, సరిచూసి, అప్పుడు లివరు మడవాలి. తొందరలో అటూ ఇటూ అయితే నట్ల సైకిలు కంటే ఎక్కువసేపే పట్టేది.

ఆ సంవత్సరం జాతీయ పోటీలకు పంపడానికి మాచర్ల దగ్గర సాగర్ రోడ్డు మీద పందెం పెట్టారు. ముందు వచ్చిన నలుగురిని పంపుతారు. నేను ఆ నలుగురిలో ఉంటానని నాకూ తెలుసు, చూసేవాళ్ళకూ తెలుసు. ఇంకా ఇరవై కిలోమీటర్లుందనగా ముందు చక్రం పంచరైంది. చెయ్యెత్తాను. జీపు ఆగకముందే బాబాయి దూకాడు. లివరు తెరిచి లాగాడు. చక్రం అంచులకు తట్టుకుని ఆగింది. మర విప్పాడు. చక్రం వచ్చింది. జీపులో తెచ్చిన చక్రానికి మర బాగా లోపలికి బిగించి ఉంది. దాన్ని వదులు చేస్తే గాని అది అంచులు దాటి లోపలికి పోదు. ఎండకు చెమట కారి వేళ్ళు జారుతున్నాయి. నేను మీద నిలబడి గుంపు వంకే చూస్తున్నాను. చిన్న చుక్కయింది. తర్వాత అదీ కనిపించలేదు.

“నీ వల్లే పోయింది!” అని అరిచాను. రోడ్డు మీద, జీపులో వాళ్ళంతా వింటుండగా. ఆయన తలెత్తలేదు. లివరు మడిచి, ఊపి చూసి, నన్ను తోసి పంపాడు. నేను తొమ్మిదో దాన్నయ్యాను.

మర్నాడు షాపుకెళ్ళి ఆ అంచులు అరగదీయమన్నాను. చాలామంది పందెగాళ్ళు అలా చేయిస్తారని మిగతా జిల్లాల అమ్మాయిలు చెప్పారు. అంచులు లేకపోతే లివరు తెరవగానే చక్రం చేతిలోకి వచ్చేస్తుంది.

“అది అక్కడ పెట్టినోడు తెలివితక్కువోడు కాదమ్మా,” అన్నాడు బాబాయి.

“వాడు పందెం తొక్కడు బాబాయ్. నేను తొక్కాలి.”

“తొందర కాళ్ళకుండాలి. వేళ్ళకు కాదు.”

“నిన్న నీ వేళ్ళకు తొందర లేకే కదా నేనింట్లో కూర్చుంది,” అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇన్నేళ్ళలో ఆ మాటను ఎన్నిసార్లు వెనక్కి తీసుకున్నానో. మూడో రోజు మళ్ళీ వెళ్ళేసరికి ఆయన ఆకురాయి పట్టుకుని ఫోర్కు ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కూడా ఆపలేదు. ఇనప రజను నేల మీద సన్నగా రాలుతోంది. పని అయ్యాక అక్కడ వేలితో తడిమి చూశాడు, నా వేలు పట్టుకుని తడిమించాడు. నున్నగా ఉంది.

“ఇప్పుడు దీన్ని పట్టుకునేది లివరు ఒక్కటే. ఇంకేం లేదు. తెలిసిందా? ఇవాళ్టి నుంచీ ఈ ముందు చక్రం యాడ ఊడదీసినా, బిగించేది నేను. ఎంత పొద్దున్నయినా సరే, వచ్చి తలుపు కొట్టు. నువ్వు మాత్రం లివరు మూయబాక.”

సరే అన్నాను. తలుపు కొడతానని ఒట్టేశాను కూడా.

నాలుగు నెలలు కొట్టాను. ఆ నాలుగు నెలల్లో రెండు పందాల్లో చక్రం మార్చాల్సి వచ్చింది. రెండుసార్లూ నేను సీటు మీంచి దిగి మళ్ళీ ఎక్కేలోపల పని అయిపోయింది. ఒకదాంట్లో గెలిచాను. ఆ రోజు బాబాయి జీపు వెనక నిలబడి అరిచిన అరుపు నాకింకా వినిపిస్తుంది.

తర్వాత ఒకసారి గుంటూరు నుంచి బస్సు మీద సైకిలు వేసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చాను. బస్సు పైన పట్టడానికి చక్రాలు రెండూ ఊడదీశాం. మర్నాడు పొద్దున్నే కోటప్పకొండ రోడ్డు మీద ప్రాక్టీసు. తోటి అమ్మాయిలు ఇద్దరు అప్పటికే మా గుమ్మంలో ఉన్నారు. బాబాయి ఇంట్లో లైటు వెలుగుతూనే ఉంది. పిన్ని వాకిలి చిమ్ముతోంది. పది అడుగులు వేసి పిలిస్తే చాలు. నేను పిలవలేదు. ఇంత చిన్న పనికి ఆయన దేనికి అనుకున్నాను. చక్రం గాడిలో పెట్టాను. లివరును మడవాలి. నేను దాన్ని మడవకుండా నట్టు తిప్పినట్టు గుండ్రంగా తిప్పి, గట్టిగా వచ్చాక వదిలేశాను. గట్టిగానే ఉంది కదా అనిపించింది.

ఎల్లమంద దాటాక ఒక స్పీడు బ్రేకరు ఉండేది. వేగం తగ్గించకుండా హ్యాండిలు పైకి లాగి దాన్ని దూకించడం మాకు అలవాటు. నేను హ్యాండిలు లాగాను. సైకిలు లేచింది. చక్రం లేవలేదు. అది తనంతట తాను నా ముందు దొర్లుకుంటూ పోవడం చూశాను. ఫోర్కు కొనలు తారులో దిగబడ్డాయి. ఆ తర్వాత ఆసుపత్రి.

హెల్మెట్ ఉండబట్టి తల నిలిచింది. కింది దవడ రెండు చోట్ల విరిగింది. ముందు పళ్ళు మూడు పోయాయి. కాలరెముక అంటారే, భుజం దగ్గర ఎముక, అదీ విరిగింది. దవడ కదలకుండా పై పళ్ళకూ కింది పళ్ళకూ కలిపి తీగలతో కట్టేశారు. ఆరు వారాలు నోరు తెరవకూడదు. గొట్టంతో తాగడమే.

ఫోర్కు అంచులు అరగదీసి ఉన్నాయన్న సంగతి సంఘం మనిషి చూసి నాన్నకు చెప్పాడు. నాన్న ఆసుపత్రి నుంచి నేరుగా షాపుకెళ్ళాడు. ఆ రోజు అక్కడ జరిగింది నాకు అమ్మ చెప్పింది.

“ఏంది భాయ్, నా కూతురు సైకిలు నీ ఇష్టమొచ్చినట్టు అరగదీస్తావా? బస్సుకి బోల్టు ఊడదీసి తోలమంటే తోల్తానా నేను? పిల్ల ముఖం చూశావా, ఎట్టా అయిందో?” అని నడివీధిలో అరిచాడట.

“తప్పు నాదే అన్నా. అరగదీసింది నేనే,” అన్నాడట బాబాయి. ఇంకో మాట అనలేదట. నేను అడిగితేనే చేశానని కూడా అనలేదట.

సంఘం వాళ్ళు ఆయన్ని జీపు ఎక్కించడం మానేశారు. వీధిలో కొందరు పిల్లల సైకిళ్ళు వేరే షాపుకి తీసుకుపోవడం మొదలుపెట్టారు. బాబాయి ఆసుపత్రికి రెండుసార్లు వచ్చాడు, బత్తాయి రసం ఫ్లాస్కులో పోసుకుని. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నా ముఖం వంక చూడలేక నా చేతి వంక చూసేవాడు. మూడోసారి నాన్న రావద్దన్నాడు. అప్పటినుంచీ ఫ్లాస్కు పిన్ని తెచ్చేది.

ఆరు వారాలు నేను మాట్లాడలేకపోయాను. అది నిజం. లివరు వేసింది నేనని కాగితం మీద రాసి చూపించవచ్చు, రాయలేదు. ఏడో వారం తీగలు తీశారు. మాటలు వచ్చాయి. అన్నం పెట్టమన్నాను, అద్దం ఇవ్వమన్నాను. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. నాన్న కోపానికి భయపడ్డాను. ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదంటారని భయపడ్డాను. ఒక నెల ఆగిన మాట సంవత్సరం ఆగింది. సంవత్సరం ఆగిన దాన్ని ఇక ఎవరూ అడగరు.

మళ్ళీ పందెం తొక్కలేదు. వ్యాయామ విద్య చదివి పీఈటీ ఉద్యోగం తెచ్చుకున్నాను. పెళ్ళయింది. సత్తెనపల్లిలో కాపురం. పుట్టింటికి వచ్చినప్పుడు షాపు ముందు నుంచే నడవాలి. “ఏమ్మా, బాగున్నావా?” అనేవాడు. “బాగున్నా బాబాయ్,” అనేదాన్ని. ఇరవై ఏళ్ళపాటు మా మధ్య మాటలు అవే. వానాకాలం భుజం నొప్పి పెట్టినప్పుడల్లా ఆయన గుర్తొచ్చేవాడు. ఆ నొప్పి కంటే అది ఎక్కువ అలసటగా ఉండేది.

నాలుగేళ్ళ కిందట మా బడిలో ఇద్దరు ఆడపిల్లలు సైకిలు బాగా తొక్కుతున్నారని వాళ్ళను పందాలకు తయారుచేయడం మొదలుపెట్టాను. ఒక దాత రెండు కొత్త సైకిళ్ళు కొనిచ్చాడు. వాటికి డిస్క్ బ్రేకులు, చక్రం అంచును కాక మధ్యలో ఉండే ఇనప బిళ్ళను పట్టేవి. చక్రం బిగించే తీరు కూడా వేరు. జీపులో కూర్చోవడానికి నమ్మకమైన మనిషి కావాలి. సంఘంలో పాతవాళ్ళెవరూ లేరు, ఎవరిని తెచ్చుకున్నా అడ్డు చెప్పేవాళ్ళు లేరు. షాపుకెళ్ళి అడిగాను.

“వద్దులేమ్మా. ఈ చేతులకి జీపు అచ్చిరాలేదు,” అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఆయన ఒక పాత చక్రంలో పుల్లలు బిగిస్తున్నాడు. చక్రం చేతిలో ఉన్నప్పుడు మాట్లాడకూడదని తెలిసీ చెప్పాను. ఆ పొద్దున ఆయన్ని పిలవలేదని, లివరు నేనే తిప్పానని, మడవలేదని, ఎవరికీ చెప్పలేదని. చెబుతూ చెబుతూ అక్కడున్న ట్యూబుల పెట్టె మీద కూర్చున్నాను.

ఆయన చక్రం పక్కన పెట్టాడు.

“తెలుసమ్మా,” అన్నాడు.

“ఏం తెలుసు?”

“ఎల్లమంద పోయి సైకిలు ఎత్తుకొచ్చింది నేనేగా. చక్రం కాలవ గట్టున పడుంది. లివరు దాంట్లోనే ఉంది. మూసిన లివరు లోపలికి, చక్రం వైపుకి వంగి ఉంటది. అది బయటికి వంగి ఉంది. నేను వేసింది కాదని యాడున్నా తెలుస్తది నాకు.”

“మరి నాన్న అంతమందిలో అన్నప్పుడు చెప్పలేదేం?”

“ఎట్టా చెప్తా? నోరు కుట్టేసి పడుకోబెట్టిన పిల్ల మీద చెప్తానా?”

“తర్వాతైనా...”

“తర్వాత ఏముంది? అంచులుంటే నువ్వు ఎట్టా మూసినా చక్రం ఫోర్కులోనే ఉండేది. గడగడలాడేది, నువ్వు దిగి చూసుకునేదానివి. పోయిన టైము తొక్కి తెచ్చుకోవచ్చు. పళ్ళు తెచ్చుకోలేం. తెలిసి తెలిసి అరగదీశా. తప్పులు రెండున్నయ్యమ్మా. పెద్దది నాదే.”

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. లేచి వెళ్ళి రెండు టీలు చెప్పి వచ్చాడు. గ్లాసు చేతికిచ్చి, “ఇన్నేళ్ళు మోశావా దీన్ని? చెప్పేస్తే పోయేదిగా,” అన్నాడు. ఆయన కూడా మోశాడని ఆయనకు తోచలేదు.

ఆ రోజే ఇంటికెళ్ళి నాన్నకు చెప్పాను. నాన్న చాలాసేపు పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. మర్నాడు పొద్దున తన పాత సైకిలు నడిపించుకుంటూ షాపుకి వెళ్ళాడు. ఇరవై ఏళ్ళుగా ఆ గడప తొక్కలేదు. నేను మా గుమ్మంలోంచి చూస్తున్నాను.

“బ్రేకు పట్టటంలా భాయ్. చూడు,” అన్నాడు.

బాబాయి చూశాడు. బ్రేకు బాగానే పడుతోంది. అయినా రెండు రబ్బర్లూ విప్పి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ బిగించాడు. నాన్న బల్ల మీద కూర్చుని చూశాడు. అరగంట పట్టింది. లేచేటప్పుడు నాన్న ఆయన చెయ్యి పట్టుకోబోతే అలవాటుగా మణికట్టు అందించాడు. నాన్న గ్రీజు చెయ్యే పట్టుకున్నాడు.

అలా బాబాయి మళ్ళీ జీపెక్కాడు.

కొత్త సైకిలు చూసి ఆయన మళ్ళీ పూటంతా కూర్చున్నాడు. దీంట్లో గాడి లేదు, అంచులు లేవు, మడిచే లివరూ లేదు. ఫోర్కు కొనల్లో పూర్తిగా మూసిన రంధ్రాలున్నాయి. వేలి లావు ఇరుసును ఒక పక్క నుంచి దూర్చి, చక్రం మధ్యలోంచి రెండో పక్కకు పంపి, మరలోకి తిప్పాలి. చక్రం మార్చాలంటే ఇరుసు మొత్తం తిప్పి తిప్పి బయటికి లాగాలి. కొత్త చక్రం పెట్టేటప్పుడు దాని డిస్కు బ్రేకు ముక్కల మధ్య సందులోకి తిన్నగా దూరాలి. వెంట్రుకవాసి పక్కకైతే రాసుకుంటూ గీగీమని అరుస్తుంది. అప్పుడే బ్రేకు వేసి ఆగిన సైకిలైతే డిస్కు పెనంలా కాలుతుంది. మొదటిరోజే ఆయన బొటనవేలు చుర్రుమంది. “చక్రాలు మార్చటం కాదు, దోశెలు కాల్చటం నేర్చుకోవాల,” అని నవ్వాడు.

ఈ కాలపు మెకానిక్కులు దీన్ని తిట్టుకుంటారు. ఒకే పనికి పది కంపెనీల ఇరుసులు, పది రకాల మరలు. డబ్బున్న జట్లు చక్రం మార్చడం మానేసి సైకిలే మార్చేస్తున్నాయి. మాకు మారు సైకిళ్ళు ఎక్కడివి? ఒక పందెంలో వేరే జిల్లా మెకానిక్కు ఒకతను బాబాయితో, “పాతవే నయం పెద్దాయనా. టక్కున వచ్చేయి. దీంతో సగం రేసు రోడ్డు మీదే అయిపోతది,” అన్నాడు.

“కాస్త లేటే,” అన్నాడు బాబాయి. “కానీ బిగించటం మర్చిపోయినా చక్రం వెంటనే ఊడి రాదు. కొంచెం కొంచెం వదులవుతా చెప్తా ఉంటది. దీన్ని చేసినోడు ఎవడో, వాడికి ఒక ఆడపిల్ల ఉండుంటది.”

అతనికి అర్థం కాలేదు. నేను జీపు అటు పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

ఈ నాలుగేళ్ళలో ఆయన నా పిల్లలకు నేర్పింది చక్రం మార్చడం కాదు. నేను పదిహేనేళ్ళప్పుడు వినని సంగతులే. చక్రం బిగించాక చేత్తో పట్టి అటూ ఇటూ ఊపమనేవాడు. ఊపి, ఎత్తి, కొట్టి, విని, అప్పుడు ఎక్కమనేవాడు. వాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఆయన విసుక్కోలేదు. కానీ మనిషి బాగా తగ్గిపోయాడు. జీపు ఎక్కి దిగడానికి కమ్మీ పట్టుకోవాల్సి వచ్చేది. మధ్యాహ్నానికి కూర్చున్నచోటే కునికేవాడు. ఇక చాలు బాబాయ్, నేను చూసుకుంటాలే అంటే, “ఇంకొక్కటి,” అనేవాడు. ప్రతిసారీ ఇంకొక్కటే.

ఆఖరిది ఈ చలికాలంలో కారంపూడి రోడ్డు మీద. మా పిల్లల్లో పెద్దది గుంపులో ముందే ఉంది. పత్తి చేల మధ్య సన్నటి రోడ్డు. ఉన్నట్టుండి చెయ్యెత్తింది. ముందు చక్రమే. జీపు ఆగింది. బాబాయి కమ్మీ పట్టుకుని దిగాడు, చక్రం చంకలో పెట్టుకుని నడిచాడు. పరిగెత్తలేదు. పరిగెత్తే వయసు కాదు. ఇరుసు విప్పి లాగాడు. కొత్త చక్రం పెట్టాడు. ఇరుసు దూర్చి తిప్పితే మొదటిసారి మర పట్టలేదు. బయటికి తీసి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ దూర్చాడు. ఆ పిల్ల ముందు వెళ్ళిపోతున్న వాళ్ళను చూస్తూ ఏడుస్తోంది. నేను జీపులోనే పిడికిళ్ళు బిగించుకుని కూర్చున్నాను. నిమిషం దాటింది. పట్టింది. బిగించాడు. చక్రం పట్టుకుని ఊపాడు. జానెడు ఎత్తి రెండుసార్లు కొట్టి విన్నాడు.

“ఇప్పుడు పో తల్లీ,” అన్నాడు.

సీటు వెనక చెయ్యి వేసి తోశాడు. తోస్తూ తోస్తూ, ఎలా వచ్చిందో ఆ ఓపిక, పది పన్నెండు అడుగులు పరిగెత్తాడు. పిల్ల వేగం అందుకుంది. ఆయన చెయ్యి సీటు మీంచి విడిపోయింది. రోడ్డు మధ్యలో ఆగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగర్చాడు. ఎదురుగా పత్తి బోరాల లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు హారను కొట్టలేదు, ఇంజను కట్టేశాడు. బాబాయి వెనక్కి నడిచి, రోడ్డు మీదే పడున్న పంచరైన చక్రం వంగి ఎత్తుకుని భుజానికి తగిలించుకున్నాడు. పక్కకు తప్పుకోవాలని గుర్తు రాలేదనుకుంటాను. అక్కడే నిలబడి, ఎండకు కళ్ళు చిట్లించి, ఆ పిల్ల పోయిన వైపే చూస్తున్నాడు.